ఒకే కాలువ నీళ్లు తాగే ఊళ్లు

వేసవిలో కాలువలకు నీరు కట్టేశాక గోదావరి డెల్టాలో ఏ పట్టణం దిగువనైనా లాకుల దగ్గరకు వెళ్లి చూడండి. తలుపులకు ఆనుకుని ఎండిన గుర్రపుడెక్క, అందులో చిక్కుకున్న పాలిథిన్ సంచులు, థర్మోకోల్ పళ్లాలు, కొబ్బరి బొండాలు, మాంసం దుకాణాల వ్యర్థాలు. పూడికలో కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. జూన్‌లో నీరు వదలగానే ఇదంతా కదిలి కిందికి పోతుంది. కాలువ చివరనున్న శివారు గ్రామాలు తమ మంచినీటి చెరువులు నింపుకునేది ఆ నీటితోనే.

ఈ తప్పు పట్నాలదొక్కటే అనలేం. చేపల, రొయ్యల చెరువుల నీటిని రాత్రికి రాత్రి పంట కాలువల్లోకి తోడేసేవాళ్లు పల్లెల్లోనే ఉన్నారు. ఆ నీరు కూడా దిగువ పట్టణాల కుళాయిల దాకా వస్తుంది. ఇక మురుగు డ్రెయిన్ల సంగతి. గట్లు ఆక్రమణల పాలై, పూడిక తీయక, వాన గట్టిగా పడితే నీరు లాగదు. సార్వా (వానాకాలం పంట) చేలు మునుగుతాయి, అదే నీరు ఎగదన్ని పట్టణంలో పల్లపు వీధుల్లోకి చేరుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది గిట్టుబాటు ధర కోసమే కాదు, ముంపు బాధ పడలేక కూడా.

ఇంత జరుగుతున్నా ఈ రెండు పక్షాలూ ఒకచోట కూర్చునే సందర్భమే లేదు. పట్టణం తన మురుగు గురించి కౌన్సిల్లో మాట్లాడుకుంటుంది. పంచాయతీ తన గోడు మండల సమావేశంలో వెళ్లబోసుకుంటుంది. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఆయకట్టు రైతులవి. ఒకరి మాట ఒకరి చెవిన పడదు.

కూర్చోబెట్టే వేదికను రాజ్యాంగం ఎప్పుడో చూపింది. 1992 నాటి 74వ సవరణ చేర్చిన 243-జడ్‌డి అధికరణ ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా సంఘం ఉండాలి. నీటి పంపకం, పర్యావరణ పరిరక్షణ వంటి పంచాయతీల, మున్సిపాలిటీల ఉమ్మడి విషయాలను అది పట్టించుకోవాలి. సభ్యుల్లో ఐదింట నాలుగు వంతులకు తక్కువ కాకుండా ఆ రెండు చోట్లా గెలిచిన ప్రతినిధులే ఉండాలి. పల్లెకూ పట్నానికీ జనాభా నిష్పత్తిలో గొంతు దక్కే ఏర్పాటు ఇంతకన్నా ఏముంటుంది? కాగితం మీద ఉండిపోవడమే మన బాధ. పైగా 2022లో జిల్లాలు విడిపోయాక పశ్చిమ ప్రధాన కాలువ లాంటివి ఒక జిల్లాలో మొదలై మరో జిల్లా పొలాలకు పారుతున్నాయి. కాబట్టి పొరుగు జిల్లాల సంఘాలు కూడా కలిసి కూర్చోవాలి.

మేము కోరేది పెద్ద పథకం కాదు. ఈసారి కాలువలు కట్టేసిన రోజుల్లో ప్రతి కాలువ వెంటా కౌన్సిలర్లు, సర్పంచులు, రైతు సంఘాలవాళ్లు కలిసి గట్టు మీద నడవాలి. ఏ తూములోంచి ఎవరి మురుగు పడుతోందో రాసుకోవాలి. పట్టణం ముందుగా శుద్ధి కేంద్రానికి డబ్బు కేటాయించాలి. పంచాయతీలు చెరువుల నీరు పంట కాలువలో పడనివ్వబోమని మాట ఇచ్చి, నిలబెట్టుకోవాలి. తొలి సమావేశాన్ని కలెక్టరేట్‌లో కాక శివారు గ్రామంలో పెట్టాలి. వచ్చినవారికి తాగడానికి ఆ ఊరి చెరువు నీళ్లే ఇవ్వాలి.