అల్లుడుగారి చీకటి పరుగు

సంక్రాంతికి వచ్చిన అల్లుడు ఏం చెయ్యాలో మా భీమవరం వైపు చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. తినాలి, పడుకోవాలి, లేచి మళ్ళీ తినాలి. మా బావ ఈ మూడింటికీ సిద్ధపడే హైదరాబాదు నుంచి దిగాడుగానీ, పెట్టెలో ఓ జత పరుగు బూట్లు కూడా తెచ్చాడు. జనవరి మూడో ఆదివారం ముంబయి మారథాన్. అందులో సగం దూరం, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు పరిగెడతానని డబ్బు కట్టేశాడట. పండగ పేరుతో మానేస్తే కాళ్ళు పట్టేస్తాయని ఆయన బెంగ.

"సాయంత్రం పరిగెత్తకూడదా బావా?" అన్నాను.

"మీ ఊరంతా అరుగుల మీద కూర్చుని చూస్తారు. సిగ్గేస్తుంది" అన్నాడు. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం పెట్టుకున్నాడు.

"డిసెంబరు 22 దాటిందిగా, పొద్దు పెరుగుతోంది, తొందరగానే తెల్లారుతుందిలే" అని ధైర్యం కూడా చెప్పాడు. పొద్దు పెరిగే మాట నిజమే. అయితే ఆ పెరిగేదంతా ముందు సాయంత్రం ఖాతాలో పడుతుంది. పొద్దున సూర్యుడు మాత్రం జనవరి మూడో వారం దాకా రోజుకింత ఆలస్యంగానే వస్తాడు. పండగ రోజుల్లో మా ఊళ్ళో ఆరున్నర దాటితేగానీ మొహం చూపించడు. ఆపైన మంచు. దాళ్వా (రెండో పంట) నాట్లకి చేలనిండా నీళ్ళు, పక్కనే రొయ్యల చెరువులు, మధ్యలో కాలవ. గాలి ఆడని రాత్రి చలి పడిందంటే ఆ తేమంతా వచ్చి రోడ్డు మీద కూర్చుంటుంది.

మొదటిరోజు నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, నల్ల మంకీ క్యాపు, చేతిలో నీళ్ళ సీసాతో బయల్దేరాడు. వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న మా అమ్మ కంగారుపడింది.

"బాత్రూము ఇంట్లోనే ఉంది కదండీ అల్లుడుగారూ! చలిలో కాలవగట్టుదాకా ఎందుకండీ?"

చీకట్లో నీళ్ళు పట్టుకుని కాలవగట్టు వైపు వేగంగా వెళ్ళే మనిషికి మా ఊళ్ళో ఒకే ఒక్క పని ఉంటుంది. దారిలో ఎదురైన పెద్దవాళ్ళు మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నారట. పలకరిస్తే బాగోదు కదా. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒకాయన ఆగి, "కడుపులో ఎలా ఉంది బాబూ, వాము నమిలారా?" అని అడిగాడట.

ఆ రోజుకి నష్టం పక్కింటి పిన్నిగారికి. ధనుర్మాసం కదా, రోడ్డు సగం దాకా మెలికల ముగ్గేసి, నడుమ గొబ్బెమ్మల్ని పెట్టి, బంతిపూలు తేవడానికి లోపలికెళ్ళింది. వచ్చేసరికి పెద్ద గొబ్బెమ్మలో పది నంబరు బూటు అచ్చు. ఆవిడ దాన్ని గంగిరెద్దు మీదికి తోసేసింది. బూటేసుకున్న ఎద్దు ఎక్కడుంటుందని అడగడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

ఇక లాభం లేదని బావ భీమవరం వెళ్ళి చిలకపచ్చ రంగు చొక్కా కొనుక్కొచ్చాడు, రోడ్డు పనివాళ్ళు వేసుకునేలాంటిది. నిజానికి రాత్రిపూట ఆ పచ్చరంగు ఎందుకూ కొరగాదు. అది పగటి వెలుగులో మెరిసే రంగు. చీకట్లో పనిచేసేవి దానిమీద కుట్టిన వెండి పట్టీలు. అవైనా పడిన వెలుగుని పడిన వైపుకే తిప్పికొడతాయి తప్ప సొంతంగా వెలగవు. లారీవాడికి ఫర్లాంగు దూరం నుంచీ కనిపిస్తాయి. మా పాలవాడి సైకిలుకి లైటులేదు. గేదెలకి మొదటినుంచీ లేదు.

పైగా హైదరాబాదులో ఆయన పరుగు గురువులు ఒక సూత్రం చెప్పారు. వాహనాలకి ఎదురుగా, అంటే రోడ్డుకి కుడిపక్క పరిగెత్తాలి, వచ్చేది కంటికి కనిపిస్తుంది అని. మంచి సూత్రమే. అయితే మా రోడ్డు మీద రాంగు రూటులో వచ్చే బండి కూడా కుడిపక్కనే, సరిగ్గా ఆయన వెనకనుంచి వస్తుంది. అలా వచ్చిన రొయ్యల మేత ఆటో ఒకటి ఆయన్ని చెరుకుతోటలోకి తోలింది. ఆటోవాడు ఆగి, తిట్టకుండా, "ఎడంపక్క రావాలండి బాబూ, రూల్సు ఉంటాయి కదండీ" అని బోధించి మరీ వెళ్ళాడు.

దీపం సంగతి నేనే చెప్పాను. నుదుటికి కట్టుకునే లైటొకటి ఉంది ఆయన దగ్గర. మంచులో దాన్ని వెలిగిస్తే వెలుగంతా వెనక్కొచ్చి కళ్ళముందు తెల్లగోడ కట్టినట్టవుతుంది. పైగా కంటి పక్కనుంచే వెలుగు పడితే గుంటా గట్టూ ఒకలాగే కనబడతాయి. అదే లైటు నడుముకి కట్టుకుంటే ప్రతి గుంటకీ నీడ పడి తెలిసిపోతుంది. బావకి నచ్చింది. కట్టుకున్నాడు.

రొయ్యల చెరువు కాపలావాడికి ఏం కనిపించిందో ఇప్పుడు మీరే ఆలోచించండి. చుట్టూ మంచు. మనిషి జాడలేదు. నడుమెత్తులో ఒక దీపం ఎగురుతూ దిగుతూ కాలవగట్టు మీద వస్తోంది. మా ఊళ్ళో పుట్టినవాడెవడికైనా అది కొరివిదయ్యమే. వాడు పాకలో దూరి తలుపేసుకుని కుక్కల్ని వదిలాడు.

కుక్కలొస్తే పరిగెత్తకూడదని బావకి తెలుసు. ఆగాలి, చేతులు దగ్గరపెట్టుకోవాలి, వాటి కళ్ళలోకి చూడకూడదు. అన్నీ పద్ధతిప్రకారం చేశాడు. కుక్కలూ ఆగాయి. మొరగడం మానేశాయి కూడా. గొప్ప విజయమే, కాకపోతే ఆయన ఆగింది కొబ్బరితోటలో పందెం కోళ్ళ మకాం ముందు.

పందేలు వద్దని కోర్టులు చెబుతూనే ఉంటాయి, పుంజులు బాదంపప్పు తింటూనే ఉంటాయి. రోజూ కైమా, గుడ్డు, పొద్దున్నే చెరువులో ఈత. శిక్షణలో బావకంటే ఓ మెట్టు పైనే ఉంటాయవి. డేగ, కాకి, నెమలి అని రంగుని బట్టి వాటికి పేర్లు. నడుము దీపం వెళ్ళి తిన్నగా ఒక డేగ మొహాన పడింది. తెల్లారిందనుకుని అది కూసింది. కాకి అందుకుంది. నెమలి, పర్ల, సీతువా, తోటంతా ఒకటే కూత. మంచాలమీంచి మనుషులు లేచారు. కంచె దగ్గర కదలకుండా మెదలకుండా ఎవడో నిలబడి ఉన్నాడు. లక్ష రూపాయల పుంజు దగ్గర ఆ వేళప్పుడు నిలబడేవాడు దొంగ కాక ఇంకెవడు? కర్రలు తీశారు. ఒకడు సెల్లు టార్చి వేశాడు.

వెండి పట్టీలు భగ్గుమన్నాయి.

"పోలీసులురోయ్!"

చంకకో పుంజుతో తోటంతా కాలవకి అడ్డంపడి పారిపోయింది. "ఆగండి! నేను పెదబాబుగారి అల్లుడినండీ!" అని అరుస్తూ బావ వాళ్ళ వెంటపడ్డాడు. మనుషులు పరిగెత్తడం చూసి కుక్కలకి ప్రాణం లేచొచ్చి బావ వెంటపడ్డాయి. జీవితంలో ఆ కిలోమీటరంత వేగంగా ఇంకే కిలోమీటరూ పరిగెత్తలేదని ఆయన చేతి గడియారం తర్వాత ఒక పతకం బొమ్మ కూడా చూపించింది.

ఏడింటికి కోళ్ళవాళ్ళు మా అరుగు మీద కూర్చున్నారు. డేగకి జలుబు చేసిందట, తుమ్ముతోందట.

"ఆయ్, బాబుగారు పరిగెత్తొద్దని మేమనమండి. ముందు ఓ మాట చెబితే పడుకుంటాం కదండీ" అన్నాడు పెద్దాయన. న్యాయమే అనిపించింది. నాన్న డేగ బాదంపప్పుకి డబ్బిచ్చి, రామాలయం పూజారిగారికి కబురు పెట్టాడు.

మర్నాడు తిరుప్పావై అయ్యాక మైకులో వినిపించింది. "గ్రామస్థులకు మనవి. మన పెదబాబుగారి అల్లుడుగారు ఆరోగ్యం నిమిత్తం పరుగెడుతున్నారు. ఎవరూ కంగారుపడవద్దు. కుక్కల్ని కట్టేసుకోవలెను." ముందు మా పాలేరు సైకిలు మీద బెల్లు కొడుతూ, వెనక బావ. ఊరంతా వీధిదీపాలు వెలిగించుకుని గుమ్మాల్లో నిలబడింది. ముగ్గులేసే ఆడవాళ్ళు ఓ పక్కగా దారి వదిలారు. దారైతే వదిలారుగానీ అల్లుణ్ణి ఊరికే పోనివ్వడం మా వైపు ఎక్కడుంది? ఒక గుమ్మంలో కాఫీ, ఇంకో గుమ్మంలో అరిసె, పిన్నిగారింట్లో పనసాకు బుట్టల్లో ఉడికిన వేడి పొట్టిక్కలు. కాదంటే గొబ్బెమ్మ సంగతి ఎత్తుతుందేమోనని రెండో వాయి కూడా తిన్నాడు.

గడియారం మాత్రం ప్రతి ఇంటి ముందూ చెయ్యి గిల్లి, "పరుగు ముగిసిందా?" అని అడుగుతూనే ఉందట.