సవరణ: ఆ 40 శాతం మన ఆఫీసు ఏసీ బిల్లుది కాదు

ఏఐతో కూలింగ్ ఖర్చు 40 శాతం తగ్గిందని మొన్న రాసినదాన్ని చాలామంది మన ఆఫీసులకూ అపార్ట్‌మెంట్లకూ వర్తింపజేసుకుంటున్నారు, అందుకే ఈ సవరణ. ఆ లెక్క 2016లో గూగుల్ డేటా సెంటర్లలో గూగుల్‌కే చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ చూపించినది, అదీ కూలింగ్‌కి వాడే కరెంటులోనే, మొత్తం బిల్లులో కాదు.

డేటా సెంటర్లలో ఉండేవి సర్వర్లు, అంటే కంప్యూటర్లు; అవి ఊపిరి పీల్చవు. మనుషులుండే బిల్డింగ్‌లో 'కరెంటు తగ్గించు' అని ఒక్కటే లక్ష్యం ఇస్తే, ఎండాకాలంలో బయటి గాలిని చల్లబరచడానికి బోలెడు ఖర్చవుతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ కోత పెట్టేది ఆ తాజా గాలికే. కనీసం ఎంత గాలి రావాలో ఇంజనీరే ఖరారు చేయాలి, ఏఐ దాని జోలికి పోకూడదు.

ఇక సెన్సర్ సంగతి. లోపలి గాలి ఎంత పాడైందో ఏఐకి చెప్పేది కార్బన్ డయాక్సైడ్ సెన్సరే. చాలా కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు గత కొన్ని రోజుల్లో కనిపించిన అతి తక్కువ రీడింగే బయటి గాలి అనుకుని, దాన్ని 400 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 400 వంతులు) దగ్గరికి సర్దేసుకుంటాయి. రాత్రి ఖాళీ అయ్యే ఆఫీసుకి ఇబ్బంది లేదు. మూడు షిఫ్టులూ నడిచే కాల్ సెంటర్లోనో ఆసుపత్రి వార్డులోనో కార్బన్ డయాక్సైడ్ ఆ స్థాయికి దిగకపోవచ్చు, అప్పుడు సెన్సర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఏఐ అది నమ్మి ఫ్యాన్ తగ్గిస్తుంది, లోపలివాళ్లకి తలనొప్పి మొదలవుతుంది. అలాంటిచోట ఆ ఆటో సెట్టింగ్ ఆపేసి, మనిషి చేత క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే రీడింగ్ సరిచూసి సర్దించాలి.

2018లో డీప్‌మైండ్ సిస్టమ్‌కి గూగుల్ డేటా సెంటర్ల కూలింగ్‌పై నేరుగా కంట్రోల్ ఇచ్చినప్పుడు కూడా ఆపరేటర్లు పెట్టిన హద్దులున్నాయి, ఎప్పుడైనా వాళ్లు వెనక్కి తీసుకునే వీలుంది. మీ అసోసియేషన్‌కి ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే, ఆ వీలు ఎవరి చేతిలో ఉంటుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.