లెక్కలోకి రాని మొదటి నాడి

తలకు దెబ్బ తగిలిన వ్యక్తికి కంటిపాపలు చూస్తారు, కాళ్లూ చేతులూ కదిలించమంటారు, స్కానింగ్ తీస్తారు. మెదడు నుంచి నేరుగా బయలుదేరే కపాల నాడులు పన్నెండు జతలు. కేస్ షీట్‌లో మాత్రం లెక్క తరచుగా రెండో దాని నుంచే మొదలవుతుంది. వదిలేసిన ఆ మొదటిది ఘ్రాణ నాడి, అంటే వాసనను మోసే నాడి. దాన్ని పరీక్షించకుండా రోగిని ఇంటికి పంపితే పరీక్ష పూర్తి కానట్టే.

ముక్కు పైభాగం నుంచి సన్నని నాడీ తంతువులు జల్లెడలాంటి ఎముక రంధ్రాల గుండా మెదడును చేరతాయి. తల ఒక్కసారిగా అదిరినప్పుడు మెదడు జరుగుతుంది, ఎముక జరగదు, తంతువులు తెగుతాయి. దెబ్బ తల వెనుక తగిలినా, ఎముక విరగకపోయినా, స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా ఈ నష్టం జరగవచ్చు. రోగిని అడిగితే సరిపోతుందనుకోవడం పొరపాటు. చాలామంది తమకు వాసన పోయిందని గుర్తించరు, రుచి తెలియడం లేదని మాత్రమే అంటారు.

రోగి మాట మీద ఆధారపడే పరీక్షను, అందులోనూ నష్టపరిహారం ముడిపడి ఉన్నప్పుడు, ఎలా నమ్మాలన్నది ప్రధాన అభ్యంతరం. సందేహం న్యాయమైనదే, కానీ దానికి జవాబు పరీక్షలోనే ఉంది. 1980లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన 40 వాసనల పరీక్షలో, ఒక్కో వాసనకు ఇచ్చిన నాలుగు పేర్లలో ఒకదాన్ని తెలియకపోయినా ఎంచుకోవాల్సిందే. వాసన పూర్తిగా పోయినవారు గుడ్డిగా గుర్తుపెట్టినా సుమారు పది సరిపోతాయి. వాసన తెలుస్తున్నా తెలియనట్టు నటించేవారు సరైన జవాబును పనిగట్టుకుని తప్పిస్తారు కాబట్టి వారి మార్కులు అంతకన్నా బాగా దిగువకు పడిపోతాయి. అతితెలివే వారిని పట్టిస్తుంది. అమోనియా ఘాటును మోసేది ఘ్రాణ నాడి కాదు, ముఖంలో స్పర్శ, మంట తెలిపే ఐదో నాడి కనుక వాసన లేనివారికీ ముక్కు మండుతుంది. అమోనియాకు కూడా ఏమీ తెలియలేదనే వారిని మరికొంచెం పరిశీలించాలి. (ఆ ఒక్కదానితోనే తీర్పు చెప్పడమూ తొందరపాటే.)

కాఫీ పొడి ముక్కు దగ్గర పెట్టి తెలిసిందా అని అడగడం పరీక్ష కాదు, మొక్కుబడి. ముందు ముక్కులో గడ్డకట్టిన రక్తం, వంకర తిరిగిన ఎముక ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే అవి సరిచేయదగినవి. ఆ తర్వాతే మార్కులు లెక్కించే పరీక్ష.

అసలు చిక్కు మన వైద్యానికి స్కానింగ్ చిత్రంలో కనిపించేదే గాయమనే అలవాటు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వైకల్య మార్గదర్శకాలు వాసన నష్టానికి మొత్తం శరీర వైకల్యంలో గరిష్ఠంగా 5 శాతమే కేటాయిస్తాయి; వంటతో బతికేవారికీ, పొగ, గ్యాస్ లీకేజీ పసిగట్టాల్సిన కార్మికులకూ ఆ అంకె ఏ మూలకు? కోలుకునేవారిలో ఎక్కువమందికి మార్పు మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. తొలి వారాల్లోనే మార్కులు నమోదు చేసి ఉంచకపోతే, ఏడాది తర్వాత మెరుగుపడిందో లేదో దేనితో పోల్చి చెబుతారు?