ఆకుపచ్చ టిక్కు పెట్టే బ్యాకప్ గారికి

మహారాజశ్రీ ఆటోమేటిక్ బ్యాకప్ గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు మాత్రం క్షేమమేనని ఈ తెల్లవారుజామున 3 గంటలకు వచ్చిన మెసేజ్ చూసి తెలుసుకున్నాను. "బ్యాకప్ విజయవంతం", పక్కన ఆకుపచ్చ టిక్కు. మా మైన్‌క్రాఫ్ట్ వరల్డ్, అంటే దిమ్మెలు పేర్చి కట్టుకునే ఆ కంప్యూటర్ ఆటలో మా లోకం, పోయి అప్పటికి రోజు దాటింది. పోయినదాన్ని కూడా విజయవంతంగా కాపీ చేశారు, మీ శ్రద్ధకో దండం.

శుక్రవారం రాత్రి సర్వర్ పడిపోతే ఏమిటా అని చూశాను. డిస్కు నిండిపోయింది. దేంతో అంటే, మీతోనే. వరల్డ్ ఉన్న డిస్కులోనే మీ కాపీలూ పేర్చుకుంటూ పోయారు, సేవ్ అవడానికి చోటు లేక అసలుది మధ్యలో తెగింది. పాత లాగ్‌లు చెరిపి కాస్త చోటు చేస్తే దాన్నీ మీరే ఆక్రమించారు. సరే, ఏడు కాపీలున్నాయి కదా అని ధైర్యంగానే పడుకున్నాను, పిచ్చివాణ్ణి.

ఈ ఆదివారం మధ్యాహ్నమంతా ఆ ఏడింటికే సరిపోయింది. మొదటిది రీస్టోర్ చేసి లోపలికెళ్తే, మా ఊళ్లో ఎప్పుడో కూలగొట్టేసిన మండువా ఇంటిని, మా అమ్మ పక్కన కూర్చుని చెప్తుంటే మా మేనకోడలు వేసవి సెలవులన్నీ పెట్టి కట్టింది చూశారూ, అది మైసూర్‌పాకు కోసినట్టు నిలువునా కోసి ఉంది. ఇటు సగం గోడ, అటు గడ్డి గుట్ట. చంక్, అంటే వరల్డ్‌లో ఓ చిన్న ముక్క, చదవడం కుదరకపోతే గేమ్ దాన్ని సీడ్ నుంచి, అంటే వరల్డ్‌ని పుట్టించిన మూల సంఖ్య నుంచి, కొత్తగా పుట్టిస్తుంది, ఎవరూ ఏమీ కట్టకముందు ఎలా ఉండేదో అలా. తులసికోట ఉండాల్సిన చోట నిలబడి ఓ గొర్రె నన్నే చూస్తోంది.

సర్వర్ రాస్తుండగా ఫైలు కాపీ కొట్టకూడదని మీకెవరూ చెప్పలేదా? సేవ్-ఆఫ్ అని సర్వర్ రాత ఆపించి, సేవ్-ఆల్ ఫ్లష్ అని మిగిలింది డిస్కుకి రాయించి, కాపీ కొట్టి, మళ్లీ సేవ్-ఆన్, అంతే కదా. వరల్డ్‌ని దాచే ఒక్కో రీజియన్ ఫైల్లో 1024 చంకులు, ఏది ఎక్కడుందో ఫైలు మొదట్లో పట్టిక. మీరు పట్టిక ఎత్తుకుని లోపలికెళ్లేసరికి సర్వర్ సగం చంకుల్ని వేరే చోట రాసేసి ఉంటుంది. రాత్రి 3 అయితే ఎవరూ ఉండరని ముహూర్తం పెట్టారేమో, డాలస్‌లో అప్పుడు సాయంత్రం నాలుగున్నర, మా అన్నయ్య కొడుకు ఆడే టైమే అది. వాడు తిరిగేది ఆ ఇంటి చుట్టూనే, కాబట్టి తెగేదీ ఆ ఫైలే. ఎవరూ అడుగుపెట్టని ఎడారులూ సముద్రాలూ ఏడు కాపీల్లోనూ చెక్కు చెదరలేదు.

ఏడు రాత్రులు, ఏడు టిక్కులు. ఒక్కటైనా తెరిచి చూశావా? అవును, నిన్నే, గారూ గీరూ అయిపోయాయి. చదువుతుండగా ఫైలు మారిపోయిందని నీ లాగ్‌లోనే హెచ్చరిక ఉంది, ఏడు సార్లు ఉంది, నేను వెతికితే కనబడింది. అది రాసిందీ నువ్వే, కింద టిక్కు కొట్టిందీ నువ్వే. బడికి రాని పిల్లలకి హాజరు వేసే మాస్టారికైనా కాస్త భయం ఉంటుంది. అసలు ఏమీ లేదని ఎర్రగా ఒక్క గీత పెట్టి ఉంటే నా చేత్తో నేనే కాపీ చేసుకునేవాణ్ణి కదరా! పైగా నీకు నెలనెలా వేరే బిల్లు. సపోర్ట్ వాళ్లని అడిగితే సర్వర్ రీస్టార్ట్ చేసి చూడమన్నారు.

ఇప్పుడు ఏడింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏరుకుంటున్నాను. వంటిల్లు మంగళవారం దాంట్లో బాగుంది, బావి గురువారం దాంట్లో. చంక్ తర్వాత చంక్ అతికిస్తున్నాను. వీధి అరుగు మాత్రం ఏ ఒక్కదాంట్లోనూ లేదు. "మామయ్యా, సర్వర్ ఎప్పుడు ఆన్ చేస్తావ్" అని పొద్దుట్నుంచీ నాలుగు మెసేజ్‌లు, ఇంకా జవాబివ్వలేదు. అరుగుకి ఎన్ని మెట్లుండేవో ముందు అమ్మని అడగాలి.