మా పెదనాన్నకి అర్హత లేదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద 40 ఏళ్ళుగా ఒక అక్రమ వ్యాపారం నడుస్తోంది. నడిపేది మా పెదనాన్న. గట్టు జరిపినవాళ్ళు, వాటాలు తేలని అన్నదమ్ములు, పక్కింటి తూము నీళ్ళు తమ గోడకే కొడుతున్నాయనేవాళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. ఇద్దరూ అరిచి అలిసేదాకా ఆయన చుట్ట కాలుస్తూ ఊరుకుంటాడు. తర్వాత ఒక్క మాట చెబుతాడు, తగువు తెగుతుంది. ఫీజు ఒక కిళ్ళీ. ఆస్తి పంపకమైతే రెండు. రసీదు ఇవ్వడు.

ఇలాంటి అరాచకాన్ని ఎన్నాళ్ళు సహిస్తాం? తగువు తీర్చడానికి దేశంలో ఒక పద్ధతి ఉంది. 1996 నాటి ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) చట్టానికి 2015లో నాలుగో షెడ్యూలు అని నమూనా రేట్ల పట్టిక తగిలించారు. అది ఆయనకి చదివి వినిపించాను.

"పెదనాన్నా, 5 లక్షల లోపు తగువుకి 45,000 తీసుకోవచ్చంట."

"ఏడాదికా?"

"కాదు, తగువుకి. ఒక్కడివే కూర్చుంటే ఇంకో 25 శాతం అదనం. మొత్తం 56,250."

ఆయన చుట్ట ఆరిపోయింది.

ఆ వారం అరుగు మీదున్నది జీడితోట కౌలు తగువు. విలువ 32,000. పట్టిక ప్రకారం, అదనపు 25 శాతం పక్కన పెట్టినా, తగువు కన్నా తీర్పు 13,000 ఎక్కువ. లోపం పట్టికలో లేదు, మా ఊరి తగువుల్లో ఉంది. స్థోమత లేని తగువులు పెట్టుకుని చట్టాన్ని ఆడిపోసుకోవడం ఏం మర్యాద? 32,000కి కొట్టుకున్నా, 5 లక్షలకి కొట్టుకున్నా ఫీజు అదే కాబట్టి, కాస్త కష్టపడి తగువుని 5 లక్షలకి లాక్కొస్తే గిట్టుబాటవుతుంది. ఇంకా ఓపిక ఉంటే 1,000 కోట్లకి పెంచుకోవచ్చు. అక్కడ ఫీజుకి 30 లక్షల గరిష్ఠ పరిమితి ఉంది. అంటే నూటికి మూడు పైసలు. జీడితోటవాడికైతే నూటికి 140 రూపాయలు. పెద్ద తగువులు పెట్టుకునేవాళ్ళని ప్రోత్సహించకపోతే దేశం ఎలా ముందుకెళ్తుంది?

సరే, డబ్బు సంగతి అలా ఉంచి అర్హత చూద్దాం. ఆర్బిట్రేటర్‌కి ఉండాల్సిన అర్హతలంటూ 2019లో ఎనిమిదో షెడ్యూలు చేర్చారు. పదేళ్ళ అనుభవమున్న లాయరు, పదేళ్ళ అనుభవమున్న చార్టర్డ్ అకౌంటెంట్, ఇలా సాగుతుంది వరస. 2021లో దాన్ని తీసేశారు. మా పెదనాన్న తనకి తెలియకుండానే అనర్హుడు కాబోయి, తెలియకుండానే ఆ గండం గట్టెక్కాడన్నమాట. ఆ రోజుల్లో కిళ్ళీ ఒక్కటి కూడా తగ్గలేదు.

పోనీ తీర్పు చెప్పకుండా రాజీ కుదిర్చే మీడియేటర్ అవుదామా అంటే, కోర్టు ప్యానెల్లోకి 40 గంటల శిక్షణ కావాలి. ఈయనకున్నది 40 ఏళ్ళు. ఏళ్ళని గంటల్లోకి మార్చి రాసుకునే గడి దరఖాస్తులో ఉండదు.

అసలు దెబ్బ ఏడో షెడ్యూలుది. తగువు పడ్డవాళ్ళలో ఎవరితోనైనా దగ్గరి చుట్టరికం ఉంటే ఆర్బిట్రేటర్‌గా పనికిరాడు. పర్లాకిమిడిలో చుట్టరికం లేని మనిషిని వెతకాలంటే రైలెక్కి వేరే ఊరు వెళ్ళాలి. ఈయన ఒక పక్షానికి మేనమామ, రెండో పక్షానికి వియ్యంకుడు. అందుకే ఇద్దరూ ఆయన్ని తిట్టగలరు, ఆయన మాట మాత్రం దాటలేరు. చట్టం దృష్టిలో ఇది పక్షపాతం కావచ్చు. మినహాయింపు లేకపోలేదు. తగువు వచ్చాక ఇద్దరూ కలిసి పర్వాలేదని రాసిస్తే చుట్టమైనా కూర్చోవచ్చు. కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టేంత సఖ్యత ఉంటే ఆ జీడితోట గొడవ మా అరుగు దాకా ఎందుకొస్తుందో షెడ్యూలు రాసినవాళ్ళకే తెలియాలి. బయటివాణ్ణి పిలుద్దామంటే, ఇక్కడ తగువు తెలుగులో, దస్తావేజు ఒడియాలో, వచ్చినవాడి తీర్పు ఇంగ్లీషులో.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2023 మీడియేషన్ చట్టంలో మా పెదనాన్నకి ఒక కుర్చీ వేశారు. ఊళ్ళో శాంతి చెడగొట్టే తగువులైతే సమాజంలో గౌరవం ఉన్నవాళ్ళు ముగ్గురు కూర్చుని తీర్చవచ్చు. కాకపోతే ఆ ఒప్పందం కోర్టు డిక్రీలాగా అమలుకాదు. ఇది చెబితే ఆయన నవ్వాడు. "ఇన్నాళ్ళూ అమలైంది కోర్టు భయంతోనేట్రా?"

ఇంతకీ ఈయన కన్ను మాత్రం పెద్ద కేసు మీద ఉంది. కొటియా. ఆంధ్రలోని సాలూరుకీ ఒడిశాలోని పొట్టంగికీ మధ్య కొండల్లో, రెండు రాష్ట్రాలూ మావంటే మావనే 21 పల్లెలు. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2006లో, ఇది మా పరిధిలోది కాదు, పార్లమెంటు తేల్చాలి అని కోర్టు చెప్పింది. అక్కడివాళ్ళు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ జేబులో పెట్టుకుని, రెండు వైపులా ఓట్లేస్తూ హాయిగానే ఉన్నారు. తగువు ప్రభుత్వాలది. ఆస్తి పంపకం కిందికే వస్తుంది కాబట్టి ఫీజు రెండు కిళ్ళీలన్నాడు పెదనాన్న.

నేను ఏడో షెడ్యూలు తీశాను. సాలూరులో ఆయన మేనత్త కొడుకులున్నారు. పొట్టంగిలో వియ్యంకుడి తమ్ముడున్నాడు.

"రెండు ప్రభుత్వాలూ కలిసి పర్వాలేదని ఒక కాగితం రాసిస్తే కూర్చోవచ్చన్నావు కదా," అన్నాడు.

అరుగు కడిగించి ఉంచాం.