మీరొస్తున్నారని దడి కొట్టించకండి

బ్రిటన్‌లో బడి సెలవులకు టికెట్లు తీసుకోగానే శ్రీకాకుళంలో ఇంటికి ఫోను వెళ్తుంది: "నాన్నా, పెరడూ, మొక్కల దడీ తుప్పలు పట్టిపోయుంటాయి. మనిషిని పెట్టి కొట్టించెయ్." ఆ కొట్టించేది జూన్, జూలైల్లో. పిట్టలు పిల్లల్ని లేపేదీ అప్పుడే.

ఇంగ్లండులో పొలాల చుట్టూ ఉండే మొక్కల కంచెలు మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కొట్టకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. ఇంటి కంచెకు తేదీల్లేవు గానీ, పిట్ట వాడుతున్న గూటిని కావాలని పాడుచేస్తే అక్కడి 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే. మన 1972 వన్యప్రాణి చట్టం కూడా అడవి పిట్టల గుడ్లు పగలగొట్టడాన్ని, గూళ్లు కదపడాన్ని వేట కిందే లెక్కేస్తుంది. తేదీలు మాత్రం చెప్పదు.

అలాగని అక్కడి తేదీలు ఇక్కడికి తెచ్చుకుంటే తప్పే. పిగిలిపిట్ట (బుల్‌బుల్) ఫిబ్రవరిలోనే గూడు మొదలుపెడుతుంది. గిజిగాడు వానలు పడ్డాక, పచ్చటి గడ్డి పోచలు దొరికితేనే అల్లుతాడు. సెప్టెంబరులోనూ తాటిచెట్టుకు గూళ్లు నిండుగానే ఉంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు తొలకరికి వచ్చి ఊళ్లో చింతచెట్ల మీదే పిల్లలు చేస్తాయి. అన్నిటికన్నా కంటికి దొరకనిది దర్జీ పిట్ట గూడు. బతికున్న ఆకు అంచుల్ని దూదితో, సాలెపట్టుతో కుట్టి లోపల గుడ్లు పెడుతుంది. పైనుంచి ఆకులాగే కనిపిస్తుంది. కత్తి విసిరేవాడికి ఏం తెలుస్తుంది?

దడికి డిసెంబరు నుంచి భోగి లోపు మంచిది. కొట్టిన కంప ఎండి మంటకూ పనికొస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం వైపు పెద్దచెట్లకు ఇది వర్తించదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ మార్చి దాకా గూళ్ల మీదే ఉంటాయి.

ఎప్పుడు కొట్టినా ముందు పొద్దున్నే పది అడుగుల దూరంలో ఇరవై నిమిషాలు నిలబడి చూడాలి. నోట పురుగుతో పిట్ట ఒకేచోటికి పదేపదే దూరుతుంటే గూడున్నట్టే. చుట్టూ రెండేసి మీటర్లు వదిలెయ్యండి. గూడు ఒక్కటీ ఉంచి పక్క కొమ్మలు నరికితే కాకికి దారి చూపించినట్టే, పైగా పిల్లలు ఎండకు మాడతాయి. గుడ్డు నుంచి ఎగిరేదాకా చిన్న పిట్టలకు నాలుగు వారాలు చాలు.

పాముల భయం నిజమే. దానికి గోడవారన గడ్డి, కుప్పపోసిన కట్టెలు, పెంకులు తీయించండి, దడి జోలికి వెళ్లక్కర్లేదు. జేసీబీని మాత్రం పిలవకండి. ఆగస్టులో దిగేసరికి నూతి దాకా రెండు మూరల వెడల్పున దారి చేయిస్తే సరిపోతుంది, మిగతాది పండక్కి చూసుకోవచ్చు.