మెదడులో చోటుకు కొదవలేదు, పునాదికే కరువు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర తలెత్తితే ఆకాశం కనిపించదు, ఫ్లెక్సీలే. పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, పవర్ బీఐ, అన్నీ సాఫ్ట్‌వేర్ కోర్సులే. ఒక కోర్సు సగంలో ఉండగానే కుర్రాళ్లు రెండోదానికి ఫీజు కట్టేస్తున్నారు. తీరా ఇంటర్వ్యూలో తడబడితే జ్ఞాపకశక్తి మీద నెపం!

ఒక్కసారిగా మనసులో పట్టుకోగలిగేది కొంచెమే, ఒప్పుకుందాం. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఏడు అంశాలన్నారు, 2001లో అదే రంగానికి చెందిన నెల్సన్ కోవన్ నాలుగుకు దించారు. మరి అష్టావధాని ఒకేసారి ప్రశ్నలు సంధించే ఎనిమిది మందిని ఎలా నెగ్గుకొస్తున్నట్టు?

ఆ ఎనిమిదింటిలో వ్యస్తాక్షరి చూడండి. పృచ్ఛకుడు, అంటే ప్రశ్నించేవాడు, ఒక పద్యాన్ని వరస తప్పించి, ‘పదమూడో అక్షరం ర’ అంటూ మధ్యమధ్యలో అందిస్తుంటాడు. నిషిద్ధాక్షరి ఆయన ‘ఈ అక్షరం వాడొద్దు’ అంటూ అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. ఇంతలో అప్రస్తుత ప్రసంగి ఉల్లిపాయల రేటు అడుగుతాడు. ఆవృత్తికో పాదం చొప్పున సాగిన పద్యాలన్నీ చివర ధారణలో గడగడా అప్పజెప్పాలి. చూసేవాళ్లకు ఇవి ఎనిమిది విద్యలు. నిజానికి ఒక్కటే: ఛందస్సు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలుంటాయి. రెండోదాన్ని ప్రాస కట్టేస్తుంది, పదోదాన్ని యతి కట్టేస్తుంది, మిగతావి గణాల నడకలో పడిపోతాయి. ఆ నడక ఒంటబట్టినవాడు ఇరవై ముక్కలు మోయడం లేదు, ఒక్క పాదం మోస్తున్నాడు.

1885లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగం చేసుకుని, అర్థంలేని అక్షరాలు గంటలోపే సగానికిపైగా జారిపోతాయని తేల్చారు. అందరూ చెప్పే ముక్క ఇదే. అదే మనిషికి ఇంగ్లిష్ కవి బైరన్ పద్యాలు దాదాపు పదోవంతు శ్రమతోనే వచ్చేశాయన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

‘మార్కెట్ రెండేళ్లకోసారి మారుతోంది, ఒక్కదాన్నే పట్టుకు కూర్చుంటే తిండి పెడుతుందా’ అంటారు. నిజమే, కొత్తవి నేర్వాల్సిందే. కానీ ఒక భాషలో లాజిక్ గట్టిగా పట్టినవాడికి రెండో భాష సగం తెలిసినదే. ఏదీ పట్టనివాడికి పదో కోర్సు కూడా మొదటిదే.

అసలు రోగం అమీర్‌పేటలో లేదు, బళ్లలో ఉంది. ‘బట్టీ వద్దు’ అన్న ఫ్యాషన్‌లో ఎక్కాలనూ శతక పద్యాలనూ తరిమేశాం. పోనీ బట్టీ పోయిందా? ఇంటర్‌లో ఫార్ములాల రూపంలో రెట్టింపై కూర్చుంది, అదీ అర్థం లేకుండా. చిన్నప్పుడు నోటికొచ్చిన ఎక్కం పెద్ద లెక్క చేసేటప్పుడు బుర్రను ఖాళీగా ఉంచుతుంది. అంత తేలికైన విషయం విద్యాశాఖ పెద్దలకు ఎందుకు తట్టదో! ఆరో తరగతికే కోడింగ్ అంటూ అదనపు ఫీజు గుంజుతున్న బళ్లు, ముందు అదే క్లాసు పిల్లాడి చేత తడుముకోకుండా పంతొమ్మిదో ఎక్కం చెప్పించమనండి చూద్దాం.